ఆ సినిమాకి నాన్న రాలేదట!

ఈరోజు ఎపిసోడ్ సినిమా రివ్యూ కాదు. ఒక సినిమా మన బుర్రలోకి వెళ్ళాక అక్కడ ఏం చేస్తుందో మాట్లాడుకుందాం. మధ్యలో మా ఇంటి విషయాలు కూడా వస్తాయి, ఏమనుకోకండి.

మాది రేపల్లె. నీ ఫేవరెట్ సినిమా ఏంటని ఎవరడిగినా, ఆలోచించకుండా 'పోకిరి' అంటాను. 2006 ఎండాకాలం, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తెనాలిలో సినిమా హాలు, పక్క సీట్లో నాన్న, ఆయన చేతిలో పల్లీల పొట్లం. హీరో పోలీసని తెలియగానే హాలంతా ఈలలు. ఇదంతా నాకు నిన్న జరిగినంత క్లియర్‌గా గుర్తుంది.

పోయిన సంక్రాంతికి ఇంట్లో ఇదే చెప్తుంటే అమ్మ నవ్వింది. "నాన్న ఎక్కడొచ్చాడే? నువ్వు సెలవులకి బాపట్ల వెళ్ళి, పిన్నితో చూశావు ఆ సినిమా" అంది. నేను ఒప్పుకోలేదు. పిన్నికి ఫోన్ చేశా. ఆవిడ కూడా అదే మాట. ఊరు బాపట్ల, పల్లీలు కొన్నది పిన్ని. నాన్న అసలు హాల్లోనే లేడు!

నిజం చెప్తున్నా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేని మనిషిని నేను పక్క సీట్లో ఎలా కూర్చోబెట్టుకున్నాను?

బార్ట్‌లెట్ అని కేంబ్రిడ్జ్‌లో ఒక సైకాలజిస్ట్ ఉండేవాడు. ఆయన ఇంగ్లండ్‌లోని వాళ్ళకి, వాళ్ళకి బొత్తిగా అలవాటు లేని ఒక కథ ఇచ్చి చదివించాడు. తర్వాత గుర్తున్నంత వరకు చెప్పమన్నాడు. వాళ్ళు కొన్ని ముక్కలు మర్చిపోయారు, కొన్నిటిని తమకి తెలిసినవాటిలా మార్చేసుకున్నారు. 1932లో ఆయన రాసిన పుస్తకం సారాంశం ఇదే: జ్ఞాపకం అంటే ఫోన్‌లో దాచుకున్న వీడియో కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనం దాన్ని మళ్ళీ అల్లుకుంటాం.

మరి నా అల్లికలోకి నాన్న ఎక్కడి నుంచి వచ్చాడు? పొద్దున్నే ఆయన్నే అడిగాను. నాన్న చెప్పింది ఇది. పిన్ని నన్ను బాపట్ల నుంచి తెనాలి దాకా తీసుకొచ్చింది. నాన్న తెనాలి స్టేషన్‌కి వచ్చి, నన్ను రేపల్లె రైలెక్కించాడు. వేమూరు, భట్టిప్రోలు, పల్లెకోన... రైలు ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ నేను కథ చెప్తూనే ఉన్నానట, ఫైట్లు కూడా చేసి చూపించానట. "నేను సినిమా చూడలేదు అమ్మలూ, నిన్ను చూశాను" అన్నాడు.

అదీ సంగతి. హాలు మారింది, మనిషి మారాడు, కానీ ఆ సంతోషం మాత్రం అబద్ధం కాదు. అది రైల్లోది. నా బుర్ర దాన్ని తీసుకెళ్ళి సినిమాకి అతికించింది, అంతే.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. నేను మహేష్ బాబు ఫ్యాన్‌ని ఎందుకయ్యాను? నా టేస్ట్ అది, నా సెలక్షన్ అది అనుకునేదాన్ని. కాదు. ఆ రోజు పిన్నికి ఫోన్ చేసి "కృష్ణగారి అబ్బాయి సినిమా అంట, పిల్లకి చూపించు" అని చెప్పింది నాన్నే. కృష్ణగారిది బుర్రిపాలెం, తెనాలి పక్కనే. మా వైపు ఇంట్లో సినిమా కబుర్లంటే బంధువుల కబుర్లలాగే ఉంటాయి. 'మాయాబజార్' తీసిన చక్రపాణిగారు తెనాలి మనిషి, 'శంకరాభరణం' తీసిన విశ్వనాథ్‌గారిది రేపల్లె దగ్గర పెదపులివర్రు. పుట్టినప్పటి నుంచీ వింటున్న పేరు మీద మనకి తెలియకుండానే ఇష్టం పెరుగుతుంది. ఒకదాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తుంటేనే నచ్చడం మొదలవుతుందని 1968లో జాయెంక్ అనే సైకాలజిస్ట్ ప్రయోగాలు చేసి మరీ చూపించాడు. మన ఫోన్‌లో రీల్స్ కూడా ఈ దారిలోనే పనిచేస్తాయి. పదిసార్లు వినిపించిన పాటని పదకొండోసారి మనమే పాడతాం.

ఇక్కడి దాకా సరదాగానే ఉంది. ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టం.

నాన్నకి ప్రాణం 'మోసగాళ్ళకు మోసగాడు'. 1971లో వచ్చిన కౌబాయ్ సినిమా, కృష్ణగారు హీరో. ఫోన్‌లో ఎన్నిసార్లు చూస్తాడో లెక్కలేదు. నేనేమో "ఆ టోపీలేంటి నాన్నా, ఆ గుర్రాలేంటి" అని నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి నేను ఇంట్లో ఉంటే సౌండ్ తగ్గించి చూడటం మొదలుపెట్టాడు. అది నేను గమనించాను కూడా. అయినా ఏమీ అనలేదు.

2022 నవంబర్ 15న కృష్ణగారు పోయారు. తర్వాతి పుట్టినరోజుకి, 2023 మే 31న, ఆ సినిమాని 4కెలో మళ్ళీ రిలీజ్ చేశారు. నాన్న ఫోన్ చేసి "వస్తావా అమ్మలూ, కలిసి చూద్దాం" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఉన్నా. పనుంది నాన్నా అన్నాను. నిజానికి పెద్ద పనేం లేదు. ఆయన ఒక్కడే వెళ్ళలేక మానేశాడు.

మొన్న సంక్రాంతికి అడిగాను, ఆ సినిమా అంటే అంత ఇష్టం ఎందుకని. మా పెదనాన్న ఆయన్ని రేపల్లె నుంచి తెనాలి తీసుకెళ్ళి చూపించిన మొదటి సినిమా అట అది. అప్పుడు నాన్నకీ ఎనిమిదేళ్ళే. పెదనాన్న చిన్న వయసులోనే పోయాడు, నేను ఫొటోలో తప్ప చూడలేదు. అంటే ఇన్నేళ్ళూ నేను నవ్వింది గుర్రాల్ని చూసి కాదు. నాన్న పక్క సీట్లో కూర్చున్న వాళ్ళన్నయ్యని చూసి.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మొత్తం చూశాం, సౌండ్ ఫుల్‌గా పెట్టి. నాకు సినిమా బాగా నచ్చిందా? నచ్చలేదు, అబద్ధమెందుకు. కానీ ఒక సీన్ దగ్గర నాన్న "ఇక్కడే అన్నయ్య ఈల వేశాడు" అన్నాడు. నిజంగా అక్కడే వేశాడో లేదో, నా పల్లీల పొట్లంలాగే ఎవరికి తెలుసు? నేను మాత్రం సరిచెయ్యలేదు.

సినిమా బాలేదంటే బాలేదనండి, అది మీ హక్కు. కానీ అలా అనే ముందు, దాన్ని ఎవరితో చూశావని ఒక్కసారి అడగండి. ఈరోజు మీ ఇంట్లో ఒక్కరినైనా అడుగుతారు కదూ? ఉంటా మరి.