తల తిప్పకండి

 

మూర్ఛరోగంతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి దుఆ కోరిన ఉదంతం బుఖారీలో ఉంది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందని, కోరుకుంటే స్వస్థతకై ప్రార్థిస్తానని ఆయన సెలవిచ్చారు. ఆమె సహనాన్నే ఎన్నుకున్నారు. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన వస్త్రం తొలగకుండా దుఆ చేయమన్నారు. వ్యాధిని భరించడానికి సిద్ధపడిన ఆ తల్లి నలుగురిలో పరువు పోవడాన్ని మాత్రం భరించలేకపోయారు.

టూరెట్ సిండ్రోమ్ ఉన్నవారి బాధా ఇదే. కన్ను, మెడ వాటంతటవే అదురుతాయి. గొంతు నుండి అరుపో, కొద్దిమందిలో బూతుమాటో తన్నుకువస్తుంది. 1885లో ఫ్రెంచి వైద్యుడు జార్జ్ గిల్ ద లా టూరెట్ దీనిని వివరించారు. ఇది నాడీసంబంధమైనది, జిన్ను కాదు, పెంపకలోపమూ కాదు. తుమ్మువలె కాసేపు ఆపుకోవచ్చు, ఆందోళన పెరిగితే అదీ కష్టమే. తావీజు కోసం తిరిగే కాలంలో హైదరాబాదు నిమ్స్‌లో నరాల వైద్యునికి చూపించవచ్చు.

ఖుత్బా వేళ పక్కవాడిని ఊరుకోమనడం సైతం వ్యర్థ భాషణమేనని హదీసు. అప్రయత్నంగా అరిచిన బాలునికి కాదు, తెలిసి గద్దించినవారికే ఆ మాట వర్తిస్తుంది. దోషమయ్యేది పొరపాటు కాదు, హృదయం సంకల్పించినదేనని అహ్‌జాబ్ సూరా (33:5) బోధిస్తుంది.

ఇక్కడే, మన అమ్రాబాద్‌లోనే, ఒక బాలుని నేను మింబర్ పైనుండి కోపంగా చూశాను. పేరు చెప్పను. ఆ తరువాత అతడు జుమాకు రాలేదు. నమాజ్ ముగిశాక ఒంటరిగా వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరుతాను. వచ్చే శుక్రవారం అతడు వస్తే, ఎటువంటి శబ్దం వినిపించినా తల తిప్పకండి.