కంప్యూటర్‌లో ఏది చెత్త, ఏది అమానత్?

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం వినడానికి చిన్నది. కంప్యూటర్‌ను క్లీన్ చేసే సాఫ్ట్‌వేర్లు మనం ఎక్కించుకున్న ప్రోగ్రాముల నుంచి ఏం తీసేస్తాయి, ఏం వదిలేస్తాయి అన్నదే ఆ అంశం. సేవా సంస్థ సభలో ఈ మాటెందుకని కొందరికి అనిపించవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, జకాత్ అందుకునే కుటుంబాల వివరాలు, దాతల రసీదులు ఇవాళ బీరువాలో కంటే కంప్యూటర్‌లోనే ఎక్కువగా ఉంటున్నాయి. నమ్మి మన చేతికిచ్చిన ఆ కాగితాలు అమానత్. క్లీన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉంటే ఆ అమానత్‌కు ముప్పు రావచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్లలో బాగా పేరున్నది సీక్లీనర్. అందులో ఏమేం తుడవాలో ఎంచుకునే చోట రెండు జాబితాలుంటాయి. ఒకటి విండోస్, రెండోది అప్లికేషన్స్. రెండోది తెరిస్తే ఫైర్‌ఫాక్స్, ఆఫీస్, అడోబ్ రీడర్, వీఎల్‌సీ, విన్‌రార్ వంటి మన ప్రోగ్రాముల పేర్లు, పక్కన టిక్కులు కనిపిస్తాయి. కొత్తవారికి అక్కడే భయం పట్టుకుంటుంది. ఆఫీస్ పక్కన టిక్కు ఉంది, క్లీన్ నొక్కితే ఆఫీసే పోతుందా అని.

పోదు. ఆ టిక్కుకు అర్థం ఆ ప్రోగ్రామును తీసేయమని కాదు, అది వాడుతుండగా పోగైన ఆనవాళ్లు తీసేయమని. వలీమా విందు అయ్యాక హాలు ఊడ్చేవారు విస్తళ్లు, గ్లాసులు ఎత్తుకెళ్తారు గానీ బిర్యానీ గిన్నెలు ఎత్తుకెళ్లరు కదా!

ఆ ఆనవాళ్లేమిటో చూద్దాం. ఒకసారి చూసిన వెబ్ పేజీల బొమ్మలను మళ్లీ త్వరగా చూపించడానికి బ్రౌజర్ దాచుకుంటుంది. దాన్ని క్యాష్ అంటారు. అది పోతే నష్టం లేదు, మొదటిసారి పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. చూసిన సైట్ల చరిత్ర, కుకీలు రెండో రకం. కుకీలు తుడిస్తే మనం లాగిన్ అయి ఉన్న సైట్లన్నీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాయి. మూడోది, వర్డ్‌లోనో వీఎల్‌సీలోనో ఇటీవల తెరిచిన ఫైళ్ల పేర్ల జాబితా. నాలుగోది, ప్రోగ్రాములు పనిచేస్తూ రాసుకున్న తాత్కాలిక ఫైళ్లు, లాగ్‌లు. సేవ్ చేయకుండా వదిలేసిన డ్రాఫ్టు కూడా ఇలాంటి తాత్కాలిక చోట ఉండే అవకాశం ఉంది. అందుకే క్లీన్ చేసే ముందు తెరిచి ఉన్న పని సేవ్ చేయాలని పిల్లలకు చెబుతుంటాను. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లకు విడిగా ఒక గడి ఉంటుంది. తెలియక దానికీ టిక్కు పెడితే అవీ పోతాయి. స్కాలర్‌షిప్ పోర్టల్ పాస్‌వర్డ్ బ్రౌజర్‌కు తప్ప ఎవరికీ గుర్తులేకపోతే, గడువు రోజున ఆ విద్యార్థి పడే అవస్థ మీరే ఊహించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా తుడిస్తే పోయేది పేర్లే, ఫైళ్లు కాదు. ఒక సోదరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆదాయ ధ్రువపత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నాయనుకోండి. క్లీనర్ నడిపాక అడోబ్ రీడర్ తెరిస్తే జాబితా ఖాళీగా కనిపిస్తుంది. అన్నీ పోయాయనుకుంటాం. డౌన్‌లోడ్స్ తెరిస్తే మూడూ అక్కడే ఉంటాయి. మన సెంటర్‌లోనైనా, తెనాలిలోని ఏ నెట్ సెంటర్‌లోనైనా ఆ తర్వాత కూర్చున్నవారు వాటిని చూడవచ్చు. సహాయం తీసుకునే వ్యక్తి గౌరవం కాపాడడానికి గుప్తంగా ఇవ్వడాన్ని మన దీన్ ఎంత గొప్పగా చెప్పిందో మీకు తెలుసు. చేత్తో గుప్తంగా ఇచ్చి, కంప్యూటర్‌లో బహిరంగంగా వదిలేస్తే ఆ జాగ్రత్త సగమే అయినట్టు.

ప్రోగ్రామును పూర్తిగా తీసేయడం వేరే పని. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ అంటారు. అప్పుడు కూడా ఆ ప్రోగ్రాము సెట్టింగులు కొన్ని యాప్‌డేటా ఫోల్డర్‌లోనూ, విండోస్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలోనూ మిగిలిపోతుంటాయి. వర్డ్‌ను తీసేసినా వర్డ్‌లో మనం రాసిన ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. రిజిస్ట్రీలో మిగిలినవాటిని ఏరేస్తాం, కంప్యూటర్ పరుగెత్తుతుంది అని కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రకటించుకుంటాయి. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే చెప్పింది. అక్కడ మిగిలిన నాలుగు పాత పేర్ల వల్ల వేగం తగ్గదు, అవసరమైన పేరు పొరపాటున తీసేస్తే మాత్రం ప్రోగ్రాము మొరాయిస్తుంది.

శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ద్వారానే హాని వచ్చిన సందర్భమూ ఉంది. 2017 ఆగస్టు 15న విడుదలైన సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో, ఆ కంపెనీకి తెలియకుండానే దుండగులు హానికర కోడ్ చొప్పించారు. సెప్టెంబరులో అది బయటపడే నాటికి దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు చేరింది. తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. ఆ సాఫ్ట్‌వేర్ చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అన్ని ఫైళ్లూ ముట్టుకునే అధికారం ఒక ప్రోగ్రాముకు ఇస్తున్నామంటే, అది నిజంగా అవసరమా అని ముందు ఆలోచించాలి. విండోస్‌లోనే డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్ ఉన్నాయి. మామూలు అవసరానికి అవి చాలు, పైసా ఖర్చు లేదు. అయితే వాటి జాబితా కూడా చదివే నొక్కాలి. విండోస్ 10కు 2018 అక్టోబరులో వచ్చిన అప్‌డేట్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను డిస్క్ క్లీనప్ జాబితాలో చేర్చారు, తర్వాత తీసేశారు. ఆ మధ్యకాలంలో చదవకుండా అన్నిటికీ టిక్కు పెట్టినవారి ఫైళ్లు పోయే పరిస్థితి ఉండేది.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లలో విండోస్ 11 ఎక్కదు. కాబట్టి దుకాణాల నుంచి, ఆఫీసుల నుంచి పాత కంప్యూటర్లు ఇలాంటి సంస్థలకు రావడం సహజం. మీరు ఇచ్చేది పిల్లలకు ఎంతో మేలు. కానీ ఇచ్చే ముందు క్లీనర్ నడిపితే చాలదు, డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా చాలదు. మామూలు హార్డ్ డిస్కులో డిలీట్ అంటే పుస్తకంలో విషయసూచిక చించడం లాంటిది. పేజీలు అలాగే ఉంటాయి. వాటిమీద కొత్తగా ఏదైనా రాసేవరకు, తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లతో వాటిని బయటికి తీయవచ్చు. ఎస్‌ఎస్‌డీల్లో పద్ధతి కొంత వేరైనా జాగ్రత్త ఒకటే.

కాబట్టి నాలుగు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, కంప్యూటర్ దానం చేసేవారు తమకు కావలసినవి విడిగా కాపీ చేసుకుని, సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ చేయండి. అన్నీ తీసేయమని చెప్పి, డేటా క్లీన్ చేయమనే ఎంపికను కూడా ఆన్ చేయండి. గంటల సమయం పట్టవచ్చు, పట్టనివ్వండి. అంత తీరిక లేకపోతే డిస్కు మీ దగ్గరే ఉంచుకుని మిగతాది ఇవ్వండి.

రెండోది, విద్యార్థులు వాడే కంప్యూటర్, సంస్థ లెక్కలు ఉండే కంప్యూటర్ వేరువేరుగా ఉండాలి. విద్యార్థుల కంప్యూటర్‌లో ప్రతి సాయంత్రం డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, రీసైకిల్ బిన్ ఒక మనిషి స్వయంగా చూసి ఖాళీ చేయాలి. ఇది ఏ క్లీనర్‌కూ అప్పగించే పని కాదు.

మూడోది, సహాయం కోరేవారి నుంచి పూర్తి ఆధార్ ప్రతి అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే చాలు. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు. దగ్గర లేని కాగితం దొంగిలించబడదు.

నాలుగోది, క్లీనింగ్ సాఫ్ట్‌వేర్ చందా కట్టే డబ్బుంటే బ్యాకప్ కోసం ఒక బయటి హార్డ్ డిస్కు కొనండి. పొరపాటున పోయినదాన్ని తిరిగి ఇచ్చేది అదే.

వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు మన పార్లమెంటు 2023లో చట్టం చేసింది. మనకు మాత్రం అమానత్ బాధ్యత అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. అంగలకుదురులో ఒక బిడ్డ ఫీజు కోసం ఇచ్చిన కాగితం, ఆ ఫీజు కట్టిన దాత రసీదు, రెండూ ఒకే జాగ్రత్తతో ఉండాలి. ఈ పనికి వారానికి ఒక గంట ఇవ్వగల యువకులు ఇద్దరు ముందుకొస్తే నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక.