తుర్కీ భాష నేర్చుకొనుటలో కష్టసుఖాలు

తుర్కీ భాష నేర్చుకొంటున్నానని మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా పెదనాన్నగారు, "తురకమా? దానికి పుస్తకాలెందుకురా! హైదరాబాదులో నాలుగు నాళ్ళు తిరిగితే అదే వస్తుంది" అన్నారు. ఆయన అనడంలో తప్పేమీ లేదు. తురకమంటే ఉర్దూ అనే అర్థం మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. ఆ మాట తుర్కు అనే జాతినామంనుండే వచ్చినదైనా, ఇస్తాంబూలులోను అంకారాలోను మాట్లాడే తుర్కీ భాషకూ ఉర్దూకూ పుట్టుకలో చుట్టరికం లేదు. ఉర్దూ హిందీకి తోబుట్టువు. తుర్కీది అజర్‌బైజాను, తుర్క్‌మెనిస్తాను, ఉజ్బెకిస్తానుల మీదుగా సైబీరియాదాకా వ్యాపించిన వేరొక కుటుంబం.

ఉద్యోగరీత్యా మన దేశానికి వచ్చి మా ఊళ్ళో కాపురమున్న ఒక తుర్కీ ఇంజనీరుగారితో నాకు పరిచయమైనది. ఆదివారంనాడు ఒక గంట ఆయన నాకు తుర్కీ చెప్పడం, ఒక గంట నేను ఆయనకు తెలుగు చెప్పడం — ఇదీ మా ఒడంబడిక. నేను పొందిన అవస్థలన్నీ ఆ గంటలలోవే.

అమెరికా ప్రభుత్వం తన రాయబార ఉద్యోగులకు పరభాషలు నేర్పే సంస్థ ఒకదానిని నడుపుతున్నది. ఇంగ్లీషు మాట్లాడేవారికి తుర్కీ పట్టుబడడానికి సుమారు 44 వారాలు, 1100 గంటల బోధన కావలెనని వారి లెక్క. ఆ కష్టమైన భాషల పట్టికలోనే మన తెలుగు కూడా ఉన్నది. ఇది చూచి నాకు ధైర్యం కలిగినది. ఇంగ్లీషువానికి రెండూ ఒకే తీరున కొరుకుడు పడనివైతే, ఆ రెండింటికీ తమలో తమకు ఏదో పోలిక ఉండవలెను గదా అనుకొన్నాను.

పోలిక ఉన్నమాట నిజమే. తుర్కీలో "గెలెమెయెజెక్‌మిష్" అని ఒక మాట. ఇంగ్లీషులో దీనిని చెప్పవలెనంటే ఏడెనిమిది మాటలు పేర్చవలెను. తెలుగులో "రాలేడట" అంటే సరిపోయినది. "గెల్" అంటే రా. "ఎమె" మన "లే". "యెజెక్" రాబోయే కాలాన్ని చెపుతుంది. "మిష్" మన "అట". ధాతువుకు ఒకదాని వెనుక ఒకటి ప్రత్యయాలు తగిలించుకొంటూ పోవడం మనకు తల్లి ఒడిలో అబ్బిన విద్య. కర్త ముందు, క్రియ చివర; విభక్తి నామానికి వెనుక; "నిన్న వచ్చిన మనిషి" అనడానికి "ద్యున్ గెలెన్ ఆదమ్" — అదే వరుస, అన్నే మాటలు. బిషప్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం ప్రకటించినప్పుడు, ఇటువంటి పోలికలు చూచియే మన భాషలను తుర్కీ మొదలైన భాషల సరసన చేర్చబోయినాడు. తరువాతి పండితులు ఆ చుట్టరికాన్ని అంగీకరించలేదు. రూపంలో పోలిక ఉన్నంతమాత్రాన రక్తసంబంధం ఉండనక్కరలేదు.

అచ్చుల పొత్తు అని తుర్కీలో ఒక నియమం ఉన్నది. ధాతువులోని అచ్చునుబట్టి ప్రత్యయంలోని అచ్చు మారుతుంది. ఇల్లు "ఎవ్" గనుక ఇళ్ళు "ఎవ్‌లెర్". బడి "ఒకుల్" గనుక బడులు "ఒకుల్లార్". పాశ్చాత్యులు ఇది చూచి బెదరిపోతారు. మనం బెదరనక్కరలేదు. కత్తికి, ఊరికి అంటాము. చెట్టుకు, గోడకు అంటాము. ఎక్కడ "కి" పెట్టవలెనో ఎక్కడ "కు" పెట్టవలెనో మనకు ఎవరైనా చెప్పినారా? ముందున్న అచ్చే చెపుతున్నది. ఇంజనీరుగారికి ఈ కి-కుల సంగతి నేను వివరించబోతే ఆయన నవ్వి, "ఇది మా ఇంటి సరకే" అన్నారు.

అయితే అచ్చుల పొత్తు తెలిసినంతమాత్రాన అచ్చులు పలుకవు. తుర్కీలో అచ్చులు ఎనిమిది. అందులో మూడింటికి మన లిపిలో అక్షరాలు లేవు. పెదవులను "ఊ" అనడానికి సున్నా చుట్టి, లోపల నాలుకతో "ఈ" అనవలెను, అది ఒకటి. అట్లే "ఓ" పెదవులతో "ఏ" అనడం మరొకటి. పెదవులు చాచి పెట్టి "ఊ" అనడం మూడవది. వింటున్నవారు ఒకసారి అద్దంముందు ప్రయత్నించి చూడవచ్చును. పిల్లలు దగ్గర లేనప్పుడైతే మేలు. ఇది వినోదం మాత్రమే కాదు. "ఓల్దు" అని మామూలుగా అంటే "అయినది" అని అర్థం. అదే మాటను, ఆ రెండు అచ్చులలోను నాలుకను ముందుకు తెచ్చి పలికితే "చనిపోయినాడు" అని అర్థం. పని అయినదని చెప్పబోయి, పని చనిపోయినదని నేను చాలా వారాలు చెప్పినాను. తెలుగు లిపిలో వ్రాసుకొన్న నా నోటుపుస్తకంలో రెండు మాటలూ ఒక్కటే!

తుర్కులకు కూడా పూర్వం ఈ బాధే ఉండేది. వారు వాడిన అరబీ లిపిలో ఈ రెండు మాటలనూ ఒకే తీరుగా వ్రాసేవారు. అయినదో పోయినదో సందర్భంబట్టి ఊహించుకోవలసినదే. 1928 నవంబరు 1వ తేదీన ముస్తఫా కెమాల్ ప్రభుత్వం చట్టం చేసి, 29 అక్షరాల రోమను లిపిని ప్రవేశపెట్టినది. పలికినట్లు వ్రాయడం, వ్రాసినట్లు పలకడం ఆనాటినుండి వారికి కుదిరినది. 1932లో భాషాసంఘం ఏర్పడి అరబీ, పారసీ మాటలను ఏరివేయడానికి పూనుకొన్నది. "మెక్తెప్" పోయి "ఒకుల్" వచ్చినది. 1927 అక్టోబరులో కెమాల్ ఆరు రోజులపాటు, ముప్ఫయియారు గంటలకు పైగా చేసిన మహోపన్యాసం తరువాతి తరాలకు అర్థం కాక, నేటి భాషలోనికి మార్చి అచ్చువేయవలసి వచ్చినది. (పది నిముషాల ప్రసంగానికే గడియారం చూచుకొనే మావంటివారికి ఆ ముప్ఫయియారు గంటలే ఎక్కువ ఆశ్చర్యం.)

ఎంత ఏరివేసినా మిగిలినవి మిగిలినవి. కితాపు, కలెం, దుక్యాను, జెవాపు, సాబున్ — ఉర్దూ తెలిసినవారికి దారిలో పాత నేస్తాలు ఎదురైనట్లుంటుంది. ఆ నేస్తాలను నమ్మరాదు. మనకు ముసాఫిరు బాటసారి. వారి "మిసాఫిర్" ఇంటికి వచ్చిన అతిథి. మన గరీబు బీదవాడు. వారి "గరిప్" వింతైనది. "తెక్లిఫ్" అంటే కష్టం కాదు, ఒక ప్రతిపాదన. ఒకనాడు ఇంజనీరుగారు నాకొక తెక్లిఫ్ ఉన్నదంటే, నేను జేబు తడుముకొన్నాను.

వ్యాకరణంలోనూ ఇటువంటి గోతులున్నవి. మనం "వచ్చిన మనిషి" అన్నట్లే "చదివిన పుస్తకం" అంటాము. తుర్కీలో వచ్చినది మనిషే గనుక అక్కడొక ప్రత్యయం. పుస్తకం చదువలేదు, నేను చదివినాను గనుక దానికి వేరొకటి, పైగా "నా" అనే గుర్తు కూడా తోడు: "ఒకుదూమ్ కితాప్". నేను మొదటి ప్రత్యయమే అంతటా వాడి, పుస్తకాలచేత చదివించినాను.

అన్నిటికంటె నన్ను మోసగించినది నాకు మిక్కిలి సులువనిపించిన ఆ "మిష్". "గెల్ది" అంటే వచ్చినాడు, నేను చూచినాను. "గెల్‌మిష్" అంటే వచ్చినాడట. ఇంగ్లీషువారు దీనికి పుటలకు పుటలు వ్రాస్తారు. మనకు "అట" ఒక్కటి చాలుననుకొని, ఆ పుటలు తిప్పివేసినాను.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన టెలిఫోను చేతిలో పెట్టుకొని కూర్చుని ఉన్నారు. పాఠం అడుగబోయేలోగా, "అన్నెమ్ వెఫాత్ ఎత్మిష్" అన్నారు. ప్రతి మాటా నాకు తెలిసినదే. "అన్నె" అంటే తల్లి. వెఫాత్ ఉర్దూలోనూ ఉన్నది. మా అమ్మ చనిపోయిందట! మనలో కన్నకొడుకు ఆ మాటకు "అట" చేర్చినాడంటే, వార్త నిజమో కాదో అని శంకిస్తున్నాడన్నమాట. నేను కూర్చునైనా కూర్చోకుండా, ఎవరు చెప్పినారు, నిజమేనా అని తుర్కీలోనే అడిగినాను. వ్యాకరణం తప్పకుండా అడిగినాను. ఆయన నావంక కొంతసేపు చూచి, తెలుగులో, "అక్క చెప్పింది. నేను అక్కడ లేను" అన్నారు.

అప్పటికిగాని నాకు తెలియలేదు. మన "అట" వార్త బాధ్యతను ఎదుటివారిమీద పెడుతుంది. వారి "మిష్" నేను అక్కడ లేనని మాత్రమే చెపుతుంది. తెల్లవారి తలుపు తీసి నేలమీద మంచు చూచినవాడు మంచు కురిసినదని "మిష్" తోనే అంటాడు. కూర నోట పెట్టుకొని అమోఘంగా ఉన్నదనడానికీ అదే. వాటిలో శంక లేదు. ఆయన మాటలోనూ లేదు. ఆఖరి గడియలో తల్లి దగ్గర తాను లేడన్నది ఆ ప్రత్యయంలోనే ఉన్నది.

కంగారులో నేను రెండవ తప్పు కూడా చేసినాను. "గెచ్‌మిష్ ఓల్సున్" అన్నాను. అది జబ్బు పడినవారితో, గండం గడచినవారితో అనే మాట. ఆయన తల ఊపి ఊరుకొన్నారు. చావు పరామర్శకు "బాషినిజ్ సా ఓల్సున్", అనగా మీ తల క్షేమంగా ఉండుగాక, అనవలెనని ఆ రాత్రి పుస్తకంలో చూచినాను. మరునాడు విమానాశ్రయానికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చినాను.

ఆయన నెల రోజులకు తిరిగి వచ్చినారు. ఆదివారాలు మళ్ళీ సాగినవి. తుర్కీలో అతడు, ఆమె, అది అన్నిటికీ "ఓ" అనే ఒక్క సర్వనామమే. వచ్చినాడు, వచ్చినది అనే భేదం క్రియలోనూ లేదు. అందుచేత తెలుగు క్రియల చివర ఆయనకు ఎప్పుడూ తడబాటే. ఒకనాటి పాఠంలో తమ ఇంటిని గురించి నాలుగు వాక్యాలు చెప్పుమంటే, "మా అమ్మ ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు" అన్నారు. ఆనాడు నేను దిద్దలేదు.