ఆటయంత్రానికి ఎంత జ్ఞాపకం కావలెను?

సింహాచలం కొండమీది వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆలయంలో వందలకొద్దీ శాసనాలు ఉన్నవి. పదకొండవ శతాబ్ది చివర, కులోత్తుంగ చోళుని కాలంలో వెలసినది వాటిలో ఉన్నది. పదహారవ శతాబ్ది తొలి పాదంలో శ్రీకృష్ణదేవరాయలు స్వామిని దర్శించి కానుకలు సమర్పించిన సంగతి చెప్పేవీ ఉన్నవి. అది రాతికి అప్పగించిన జ్ఞాపకం. శతాబ్దాలు గడిచినా, రాసినవారు లేకపోయినా, ఆ అక్షరాలు నిలిచే ఉన్నవి.

ఈనాడు మేము ప్రస్తావింపదలచిన జ్ఞాపకం స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. కంప్యూటరులో ర్యామ్ అనే భాగం ఒకటి కలదు. దానిలోని ప్రతి గడియలోనూ అతి సూక్ష్మమైన విద్యుత్తు బిందువు ఒకటి నిలువ ఉంటుంది. బిందువు ఉన్నచో ఒకటి, లేనిచో సున్న. ఐతే ఆ విద్యుత్తు నిలకడ లేనిది; కారిపోతూనే ఉంటుంది. అందుచేత యంత్రం ప్రతి గడిని మళ్లీ మళ్లీ చదివి, మళ్లీ మళ్లీ నింపవలెను. సెకనును వెయ్యి భాగాలు చేసినచో, సాధారణంగా 64 భాగాలు గడిచేలోగా ప్రతి గడికీ ఈ సేవ జరిగి తీరవలెను. గర్భాలయంలోని అఖండ దీపానికి నూనె పోసే అర్చకుడు క్షణం ఏమరినచో దీపం కొండెక్కినట్లే, ఇక్కడ విద్యుత్తు ఆగినచో జ్ఞాపకమంతా ఆరిపోతుంది.

ఈ ఏర్పాటును కనిపెట్టినవాడు అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్. 1966లో ఆయనకు తోచిన ఆలోచనకు 1968లో పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి పెట్టిన ఈ రకపు చిప్పులో 1,024 గడులు మాత్రమే ఉండేవి. నేడు ఒక సామాన్యమైన ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ స్టిక్కులో సుమారు 6,870 కోట్ల గడులు ఉన్నవి. అగ్గిపెట్టె వెడల్పు, జానెడు కన్న తక్కువ పొడవు గల పలకలో ఇంత సంపద ఇమిడి ఉన్నది.

ఇంతటి శాస్త్రవిషయం మన ఇళ్లలోకి ఏ రూపంలో వస్తున్నదో తల్లిదండ్రులైన శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. “నాన్నా, ఆట మధ్యలో ఆగిపోతున్నది. ఎనిమిది జీబీ సరిపోవటం లేదు. పదహారు వేయించు” అని పిల్లవాడు అడుగుతాడు. పరీక్షల ముందు అడిగినచో కోపం వస్తుంది. సెలవులలో అడిగినచో ఆలోచన వస్తుంది. ఈ కోరిక న్యాయమైనదా, కాదా? వేయించినచో ఆట నిజంగా బాగుపడునా? ఈ ప్రశ్నకు అవుననీ కాదనీ రెండు జవాబులూ ఉన్నవి. ఏ యంత్రానికి ఏది జవాబో తెలుసుకునే మార్గం చెప్పుటే ఈ ప్రసంగం ఉద్దేశం.

ర్యామ్ చేసే పని ఏమిటో ముందుగా గ్రహింతము. సింహాచలం, గోపాలపట్నం పరిసరాలలో రైలు పట్టాల ప్రక్కన నివసించేవారికి ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్లు చిరపరిచితాలు. బస్తరులోని బైలడిల్లా గనులలో త్రవ్విన ఖనిజం కొత్తవలస మార్గాన దిగి విశాఖ రేవుకు చేరుతుంది. వచ్చిన ఖనిజాన్ని రేవులోని యార్డులో రాసులుగా పోస్తారు. ఓడ వచ్చినప్పుడు ఆ రాసులనుండే యంత్రాలు దానిని ఓడలోనికి ఎత్తుతవి. గని నుండి ఓడకు నేరుగా ఎత్తవలసి వచ్చినచో, బండి వచ్చేదాకా ఓడ రోజులతరబడి కాచుకొని ఉండవలసినదే.

కంప్యూటరులో హార్డు డిస్కు గని వంటిది. ఆట మొత్తం అందులో భద్రంగా ఉంటుంది. కాని అది దూరం. ర్యామ్ రేవులోని యార్డు. ఓడకు సరుకెత్తే యంత్రం వంటిది ప్రాసెసరు. ఆటలో ఇప్పుడు కావలసిన వీధులు, మనుషులు, ధ్వనులు డిస్కునుండి ముందుగానే ర్యామ్‌లోకి వచ్చి సిద్ధంగా ఉండవలెను.

ఈ దూరం ఎంతటిదో చెప్పినచో ఆశ్చర్యం కలుగుతుంది. ర్యామ్‌లోని ఒక విషయాన్ని అందుకొనుటకు పట్టే కాలం సెకనులో కోటవ వంతు మాత్రమే. పళ్లెం తిరిగే పాతరకపు హార్డు డిస్కు నుండి తెచ్చుటకు సెకనులో నూరవ వంతు పట్టవచ్చును. అనగా లక్ష రెట్లు ఆలస్యం. ఎస్.ఎస్.డి. అనే కొత్తరకపు నిలువలో తిరిగే పళ్లెం లేనందున అది హార్డు డిస్కు కన్న ఎంతో వేగవంతం. ఐనా ర్యామ్‌కు వందల రెట్లు వెనుకబడే ఉంటుంది.

ఇక ఆట సంగతి. తెరమీది కదలిక నిజంగా కదలిక కాదు. సెకనుకు 60 బొమ్మలు వరుసగా గీయడం వలన కలిగే భ్రమ. ఒక్కొక్క బొమ్మకు లభించే వ్యవధి సెకనులో వెయ్యింట పదహారు, పదిహేడు భాగాలు. ఆ వ్యవధిలో ఒక్కసారి హార్డు డిస్కు దాకా పోయి రావలసి వచ్చినచో సగానికి పైగా కాలం దారిలోనే వ్యయమవుతుంది. రెండుసార్లు పోయినచో బొమ్మ సకాలానికి సిద్ధం కాదు. ఆటగాడు వీధి మలుపు తిరిగిన క్షణంలో తెర కొయ్యబారిపోవుటకు ఇదే కారణం కావచ్చును.

ఇందులోనే మన ప్రశ్నకు జవాబు ఉన్నది. యార్డు చిన్నదై సరుకు బయట నిలిచిపోయినప్పుడు దానిని విస్తరించినచో ఓడలు త్వరగా కదలును. యార్డులో సగం ఖాళీగా ఉన్నప్పుడు దానిని మరి రెండింతలు చేసినా ఎత్తే యంత్రం వేగం అణువంతైనా పెరగదు. ర్యామ్ యంత్రానికి వేగం ఇవ్వదు, నిరీక్షణను తొలగిస్తుంది. నిరీక్షణ ఉన్నచోటనే దానివలన ప్రయోజనం.

ఈ సూక్ష్మం తెలియక మేమే ఒకసారి చేయి కాల్చుకొన్నాము. పిల్లవాని మాట విని, పెట్టె విప్పి చూడకుండా, ర్యామ్ స్టిక్కు ఒకటి కొని తెచ్చాము. అది డి.డి.ఆర్.5 రకం, మా యంత్రం డి.డి.ఆర్.4 రకం. రెంటికీ అంచున గల గాడి వేరువేరు చోట్ల ఉంటుంది; ఒకదాని స్థానంలో మరొకటి కూర్చొనదు. పొరపాటు సవరించుకొని సరియైనది వేయించిన తరువాత చూడగా, ఆట ఎప్పటివలెనే ఆగుచున్నది. లోపం గ్రాఫిక్స్ కార్డుది. మేము కొలవకుండా కొన్నాము. కొన్న తరువాత కొలిచాము. శ్రోతలు ఈ క్రమాన్ని తలక్రిందులు చేయవలెనని మా కోరిక.

కొలుచుటకు ఖర్చు లేదు. విండోస్ యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకొంటుంది. దానిలో పెర్ఫార్మెన్స్ అనే విభాగం చూడవలెను. పిల్లవానిని పది నిమిషాలు ఆడనిచ్చి, ఆట తడబడే సమయంలో అంకెలు గమనించవలెను. మెమొరీ నూటికి తొంబైకి పైగా నిండి, డిస్కు కూడ ఎడతెగక పనిచేస్తున్నచో, పిల్లవాడు చెప్పినది నిజం, ర్యామ్ చాలలేదు. మెమొరీ నూటికి అరవై వద్దనే ఉండి, గ్రాఫిక్స్ అంకె నూటిని తాకుచున్నచో, భారం గ్రాఫిక్స్ కార్డుమీద ఉన్నది. అప్పుడు ఆటలోని చిత్రాల నాణ్యతను ఒక మెట్టు తగ్గించినచో రూపాయి ఖర్చు లేకుండానే ఆట సాఫీగా సాగవచ్చును.

మెమొరీ నిండినదని తేలినా వెంటనే దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. ఆటతోపాటు వెనుక తెరచి ఉంచిన బ్రౌజరు పుటలెన్ని? యంత్రం మొదలుకాగానే పిలువని పేరంటంగా వచ్చి కూర్చొనే అప్లికేషన్లెన్ని? వాటిని మూసి మరల చూడవలెను. ఆట పాతరకపు హార్డు డిస్కుమీద ఉన్నచో ఎస్.ఎస్.డి.కి మార్చుట అనేకసార్లు మొదటి మందు.

ఆటల ఆకలి ఏటేటా పెరుగుతున్న మాట కూడ వాస్తవమే. 2015లో కంప్యూటరుకు వచ్చిన జి.టి.ఎ. 5 అనే ఆటకు కనీసం నాలుగు గిగాబైట్లు చాలునని ప్రకటించారు. 2020లో వెలువడిన సైబర్‌పంక్ 2077కు కనీసం ఎనిమిది అన్నారు. అదే ఆటకు 2023లో కనీసం పన్నెండు, సుఖంగా ఆడుటకు పదహారు అని సవరించారు. కనుక ఎనిమిది గిగాబైట్ల యంత్రంమీద కొత్త ఆట ఆడబోయి ఇబ్బంది పడే పిల్లవాడు గారాబం పోతున్నాడని తీర్మానించుట న్యాయం కాదు. పదహారు నేడు చాల ఆటలకు సరిపోతుంది. ముప్పది రెండు కోరినచో మాత్రం ఏ ఆట కొరకో పేరు చెప్పమని అడుగవచ్చును.

కొనుటకు నిశ్చయించినచో నాలుగు విషయాలు గమనింపదగినవి. మొదటిది, డి.డి.ఆర్. తరం సరిచూచుకొనుట. రెండవది, ల్యాప్‌టాప్‌కు పొట్టి స్టిక్కు, బల్లమీది యంత్రానికి పొడుగు స్టిక్కు అని గుర్తుంచుకొనుట. పలుచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి వేస్తారు, వాటికి మార్పు సాధ్యం కాదు. మూడవది, పదహారు కావలసినచో వీలైనంతవరకు ఎనిమిది చొప్పున రెండు సమానమైన స్టిక్కులు వేయుట. రెండు స్టిక్కులు రెండు దారులు. రవాణా ఒకేసారి రెండు దారులలో సాగును. 3200 వేగం గల డి.డి.ఆర్.4లో ఒక దారికి సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు దారులకు 51.2. ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాలు బొమ్మల పనికి కూడ ఈ ర్యామ్‌నే వాడుకొనును. వాటికి ఈ రెండవ దారి వలన కలిగే మేలు కంటికి కనిపించును. నాలుగవది, వేగం వేరైన స్టిక్కులను కలిపినచో రెండూ నెమ్మదియైన దాని నడకనే నడచునని ఎరుగుట.

వేసేటప్పుడు తీగ పీకి, ల్యాప్‌టాప్ ఐనచో బ్యాటరీ సంబంధం కూడ తొలగించి, ఒక లోహపు వస్తువును తాకి ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకొనవలెను. బంగారు రంగు పళ్లను చేతితో ముట్టరాదు. మన సముద్రతీరపు తేమగాలికి పాత స్టిక్కు పళ్లు మసకబారి యంత్రం మొరాయించినచో, రిపేరుకారులు మెత్తని రబ్బరుతో తుడిచి చూచుట కలదు. డి.డి.ఆర్.5 వేసిన తరువాత తొలిసారి తెర వెలుగుటకు కొన్ని నిమిషాలు పట్టవచ్చును; కంగారుపడి ఆపివేయరాదు.

ఇంతగా లెక్క చూడమనుటకు మరియొక కారణం ఉన్నది. 2025 చివరి నెలలలో కొన్ని రకాల ర్యామ్ ధర కొద్దికాలంలోనే రెట్టింపుకు మించినది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులలో అత్యధిక భాగం తయారుచేసేవి శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలు. కృత్రిమ మేధ కొరకు నిర్మిస్తున్న డేటా కేంద్రాలకు అపారమైన మెమొరీ కావలెను. లాభం అక్కడ ఎక్కువ గనుక తయారీ అటు మరలినది. గృహస్థులకు క్రూషల్ అనే పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారాన్ని విరమించుకొంటున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించినది.

ఈ కథకు, మన కొండకు సంబంధం లేకపోలేదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించినది. దానికి ప్రతిపాదించిన స్థలాలలో సింహగిరి పాదాల చెంతనున్న అడవివరం ఒకటి. ఒక్క ఈ కేంద్రం వలననే ధర పెరిగినదనుట తగదు; ఇటువంటివి అనేక దేశాలలో లేస్తున్నవి. ఐనప్పటికీ, కొండక్రింద రాబోయే మహాయంత్రం, దాని సమీపంలోని ఇంట పిల్లవాని చిన్న యంత్రం ఒకే అంగడిలో ఒకే సరుకు కొరకు నిలిచినవి. పెద్ద కొనుగోలుదారుతో మనం పోటీపడలేము. మనకు ఎంత కావలెనో తెలిసి, అంతే కొనుట మాత్రం మన చేతిలో ఉన్నది.

అందుచేత మా సూచన ఇది. పిల్లవాడు ర్యామ్ అడిగిన సాయంకాలం వెంటనే సరే అనవద్దు, వెంటనే కాదనవద్దు. ప్రక్కన కుర్చీ వేసుకొని కూర్చొని, ఆడమని చెప్పి, ఆ పట్టికలోని అంకెలను ఇద్దరూ కలిసి ఒక కాగితంమీద వ్రాయండి. అంకెలు అతని పక్షాన ఉన్నచో కొనిపెట్టండి. లేనిచో అతడే ఆ కాగితం చూచి ఒప్పుకొంటాడు. అడిగినదానికి ఆధారం చూపవలెనని అతడు నేర్చుకొంటాడు. కాదనుటకు కూడ ఆధారం కావలెనని మనం నేర్చుకొంటాము. ఆ ర్యామ్ కొన్నేళ్లకు పాతబడును. ఈ అలవాటు మాత్రం అతనికి పెద్దయిన తరువాత కూడ పనికివచ్చును.