ఆదివారం నడకలో పాము కనబడితే



సెలవు రోజు గదిలోనే పడుకోకుండా ఊరి బయట నాలుగడుగులు వేయండి. పైసా ఖర్చు లేదు. ఎండాకాలం ఒంటారియోలో నారింజ రెక్కల మీద నల్ల గీతలున్న సీతాకోకచిలుక కనిపిస్తుంది. పేరు మోనార్క్. మన జిల్లేడుకు చుట్టమైన పాలమొక్క మీదే గుడ్లు పెడుతుంది. చలికి ముందు వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో పోతుంది. అదీ మనలాగా వలస జీవే.

పాము కనబడితే మాత్రం కర్ర వెతకొద్దు. చారల గార్టర్ పాములతో ప్రమాదం లేదు. ఒంటారియోలో విషపాము ఒక్కటే, మస్సాసాగా. జార్జియన్ బే, బ్రూస్ ద్వీపకల్పం వైపు ఉంటుంది. తోక గలగలలాడిస్తే దూరం జరగమని అర్థం. దాన్ని చంపడానికి చట్టం ఒప్పుకోదు. పర్మిట్ మీద వచ్చినోళ్ళం, కేసులు మనకెందుకు? సైట్లో కనబడినా పని ఆపి సూపర్‌వైజర్‌కు చెప్పండి.

కాటేస్తే కోయొద్దు, తాడు కట్టొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా కూర్చొని 911కి ఫోన్ చేయండి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే దొరుకుతుంది.

ఒంటరిగా పోవద్దు. బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకోండి. తిరిగొచ్చాక ఒంటికి పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఇంటికాడ మన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.