సముద్రం అడుగున తెగిన గీత



పట్టాలందుకున్న పిల్లలూ, వరంగల్ కాశిబుగ్గలో సముద్రం మాటేమిటని మీ సార్లు నవ్వారు. కానీ వరంగల్ చుట్టుపక్కల కురిసే వాన కొంత ఆకేరు, మున్నేరు మీదుగా కృష్ణకు, కొంత గోదావరికి చేరుతుంది. డ్యాముల్లో ఆగింది పోగా, మన చెలకల మట్టి బంగాళాఖాతం అడుగున పేరుకుంటోంది.

ఆ అడుగున ఎక్కడ ఇసుక, ఎక్కడ బురద ఉందో 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. అక్కడి భూగర్భ శాస్త్రవేత్త సి. మహదేవన్ అంతకుముందు నిజాం జమానాలో హైదరాబాద్ జియలాజికల్ సర్వేలో పనిచేసినవారే. తూర్పు తీరానికి ఆవల ఒక సముద్రపు లోయకు ఆయన పేరుంది.

ఏనుమాముల మార్కెట్లో బస్తాలోకి చువ్వ గుచ్చి గుప్పెడు గింజలు లాగి చూస్తారు కదా, అలాగే ఓడ మీంచి ఇనుప దవడల గ్రాబ్ దించి మట్టి తెస్తారు. నీళ్లతో కడుగుతూ జల్లెడ పడతారు. 2 మిల్లీమీటర్లు దాటితే కంకర, 0.063 జల్లెడ మీద నిలిస్తే ఇసుక, కిందికి జారితే బురద. నల్లబురదయితే కుళ్లిన గుడ్డు వాసన రోజంతా చేతుల్ని వదలదు.

రెండు గ్రాబుల మధ్య మైళ్లకు మైళ్లు ఖాళీ. అక్కడ సోనార్ శబ్దం పంపి ప్రతిధ్వని వింటుంది. గట్టి నేల గట్టిగా పలుకుతుంది, బురద శబ్దాన్ని మింగేస్తుంది. అయితే కంకరా, గవ్వల గుట్టా రెండూ గట్టిగానే పలుకుతాయి. తేడా తేలాలంటే మళ్లీ గ్రాబ్ దించాలి. ఓడ ఖర్చు గుర్తొచ్చి పటంలో అక్కడ ఊహతో హద్దు గీత లాగేస్తారు. నాకు ఒళ్లు మండేది అందుకే.

కేబుల్ ఎక్కడ పూడ్చాలో, రేవు గోడ ఎక్కడ కట్టాలో ఆ పటం చూసే తేలుస్తారు. చాలా రకాల రొయ్యలకు బురద నేలే ఇల్లు. దాన్ని ఖాళీ జాగాగా చూపిస్తే పోయేది మత్స్యకారుల కూడు. గోడ సంగతికొస్తే, విశాఖలో ఔటర్ హార్బర్ గోడ ఉత్తరానికి కదిలే ఇసుకకు అడ్డం పడింది. దాంతో రేవులో తవ్విన ఇసుకను ఏళ్లుగా, కోతకు గురవుతున్న రామకృష్ణా బీచ్‌లో పోస్తూనే ఉన్నారు.

జియాలజీ పటాల్లో చూసిన హద్దుకు నిండు గీత, ఊహించిన హద్దుకు తెగిన గీత గీయడం పాత పద్ధతి. కంప్యూటర్ రంగుల్లో ఆ తేడా మాయమవుతోంది. మీలో ఎవరైనా హైదరాబాద్ ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్‌కో, విశాఖలో జియలాజికల్ సర్వే సముద్ర విభాగానికో వెళ్తే, "ఈ హద్దుకు ఎన్ని నమూనాలు తీశారు సార్?" అని మొదటి వారమే అడగండి. జవాబు రాకపోతే భీమిలి ఒడ్డుకు వెళ్లండి. ఏ లోతులో వలకు ఏ మట్టి అంటుతుందో వేటకు పోయేవాళ్లు చెబుతారు.