డ్యూక్ గారి ప్రార్థన పుస్తకం

మధ్యయుగం చివర ఫ్రాన్సులో కలిగినవాళ్లు రోజులో ఎనిమిది వేళల ప్రార్థనలున్న పుస్తకం రాయించుకునేవారు. అచ్చుయంత్రం ఇంకా రాలేదు. దూడతోలు పుటలు, చేతిరాత, మధ్యమధ్య బొమ్మలు. వాటిలో పేరుమోసింది బెర్రీ డ్యూక్ జాన్ కోసం లింబర్గ్ అన్నదమ్ములు పాల్, హెర్మన్, జాన్ చిత్రించిన పుస్తకం. ముగ్గురిదీ నైమెగన్ ఊరు.

మొదట్లో నెలకో బొమ్మతో పంచాంగం ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం ఫిబ్రవరి. ఊరంతా మంచు. తేనెపట్టు బుట్టల మీద మంచు, దొడ్లో ఒకదానికొకటి ఒరిగిన గొర్రెలు. ఒకడు కట్టెలు కొడుతున్నాడు, ఇంకొకడు గాడిదను తోలుకుపోతున్నాడు. చిత్రకారులు ఇంటి ముందుగోడ తీసేసి లోపల మనుషుల్ని చూపించారు. బట్టలు పైకెత్తి, సిగ్గూ ఎగ్గూ లేకుండా చలి కాచుకుంటున్నారు! ప్రార్థన పుస్తకంలో ఇదేమిటి అనిపిస్తుంది. డ్యూక్ గారు అభ్యంతరపెట్టినట్టు లేదు. పైన అర్ధచంద్రాకారంలో సూర్యరథం, కుంభ మీన రాశులు. ఆ ఆకాశనీలం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే లాపిస్ లాజులి రాయిని నూరి తీసినది. అప్పట్లో మహా ఖరీదు.

1416లో డ్యూకూ పోయాడు, ఆ ముగ్గురూ పోయారు. మిగిలిన పనిని 1480లలో జాన్ కొలొంబ్ పూర్తిచేశాడు. 1856లో ఒమాల్ డ్యూక్ దీన్ని కొన్నాడు. తన సేకరణను బయటికి అరువివ్వకూడదని షరతు పెట్టాడు. కాబట్టి అసలు పుస్తకం పారిస్ దగ్గరి షాంటీయీ కోటలోనే ఉంటుంది.